అక్క సర్దిన ఫైలు

స్పీకర్ ఫోన్‌లో డాక్టరమ్మ నిలదీస్తోంది. "నేను అర మాత్ర అని రాస్తే, మీ లేబుల్ మీద ఒకటి అని పడింది. పాప ఇంకా కళ్ళు తెరవలేదు. ఎవరు చేశారిది?"

ఆసుపత్రులకి మందుల లేబుళ్ళ సాఫ్ట్‌వేర్ చేసే కంపెనీ అది. మీటింగ్ రూములో అందరూ ఫోన్ వైపే చూస్తున్నారు. మౌనిబాబా ఒక్కడే టైప్ చేస్తున్నాడు. యాభైకి దగ్గరపడ్డ ప్రోగ్రామరు. మెడ ముందుకు వంగిపోయింది. చొక్కా మోచేతుల దగ్గర అరిగి మెరుస్తోంది. ఏ మీటింగులోనూ నోరు విప్పడని పక్క సీటు అక్క పెట్టిన పేరది.

ప్రోగ్రాములో తప్పు లైను దొరికింది. అరను ఒకటిగా రౌండ్ చేసేస్తోంది. పెద్దల వార్డుల్లో అర మాత్రలు లేక ఇన్నాళ్ళూ బయటపడలేదు. ఈ ఉదయమే పిల్లల వార్డుని కలిపారు.

ఏ లైను ఎవరు మార్చారో గిట్ అనే సాఫ్ట్‌వేర్ గుర్తుపెట్టుకుంటుంది. అడగడానికి 'బ్లేమ్' అని కొట్టాలి. అక్కకి ఆ మాట గిట్టేది కాదు. "ఎవరు రాశారని అడగొచ్చుగా, ఎవరి తప్పని అడగడమెందుకు?" అనేది.

కొట్టాడు. తెర మీద అక్క పేరు.

మేనేజరు తొంగిచూసి ఫోన్ మ్యూట్ చేశాడు. "హమ్మయ్య! పోయినావిడ మీద పెడితే ఎవరికీ నష్టం లేదు. నువ్వు నోరు మెదపకు. నీకది వెన్నతో పెట్టిన విద్యేగా!"

అక్క పోయి నెల. చివరి రోజుల్లో తలకి స్కార్ఫ్ కట్టుకొచ్చి, పాత ఫైళ్ళలో వంకరటింకర లైన్లన్నీ సరిచేసింది. "వెళ్ళి పడుకో అక్కా" అంటే, "నా తర్వాత చదివేవాళ్ళకి కళ్ళు నొప్పెట్టకూడదురా బాబా" అంది. ఒక్క అక్షరం మార్చలేదు, లైన్ల ముందుండే ఖాళీలే సర్దింది. గిట్‌కి అది చాలు. ప్రతి లైను మీదా ఆమె పేరెక్కింది.

ఆ మార్పుకి ముందు ఏముందో తీసి చూశాడు. అసలు పేరు కనబడింది. ఈ వయసులో తనకి ఇంకెవరు పనిస్తారు?

మేనేజరు మ్యూట్ తీశాడు. "డాక్టర్ గారూ, ఆ లైను రాసినావిడ ఇప్పుడు లేరండీ. పోయారు."

"అయ్యో! ఆవిడ పేరేంటి? పాప తల్లి అడుగుతోంది."

మౌనిబాబా మెళ్ళో బ్యాడ్జి తీసి బల్ల మీద పెట్టాడు. దాని మీద ఫోటోలో జుట్టు ఇంకా నల్లగానే ఉంది. ఫోన్ వైపు వంగాడు.

"ఆవిడ కాదమ్మా. ఆవిడ ఖాళీలు సర్దింది, అంతే. ఆ లైను రాసింది ఈయన, మేనేజరు కాకముందు. మీతో మాట్లాడుతున్న ఆయనే."