బందరు సరంగు బిళ్ల

నాంపల్లి మ్యూజియంలో ప్రదర్శన మొదలైన రోజు మాబెల్ చర్చి ఆడవాళ్లను నలుగురిని వెంటబెట్టుకుని వెళ్లింది. బందరు రేవు చరిత్రంతా ఆ హాల్లో పెట్టారు. తుప్పు పట్టిన లంగరు, కలంకారీ అచ్చులు, దీపస్తంభం నుంచి తీసిన మందపాటి అద్దం. చివరి గాజుపెట్టెలో ఆమె ఇచ్చిన ఇత్తడి బిళ్ల. ఆమె తండ్రి ఇజ్రాయేల్ ఓడల నుంచి సరుకు దించే పడవను నడిపే సరంగు. చొక్కాకు ఆ బిళ్ల ఉంటేనే రేవులోకి రానిచ్చేవారు. డెబ్బై ఏడు ఉప్పెనలో ఆ పడవ మీదే ఎందరినో ఒడ్డుకు చేర్చాడు. ఆ తరవాత కుటుంబం హైదరాబాదు వచ్చేసింది. ప్రతి క్రిస్మస్‌కూ ఆ కథ చెప్పుకోవాల్సిందే.

"గిదే మా నాయనది. చూడుండ్రి," అంది మాబెల్ మురిసిపోతూ.

పక్కనున్న ముసలామె తల తిప్పింది. "ఇజ్రాయేలు కూతురివా? పడవలో ఎర్ర గౌను పిల్లవి?"

"ఔ. మీరెవరు?"

"భాగ్యని. నేనూ ఆ పడవలోనే ఉన్నా. నిన్నెక్కించడానికి చోటు లేదని మీ నాన్న మా తమ్ముణ్ణి నీళ్లలోకి నెట్టేశాడు. వాడు పడవ అంచు పట్టుకుంటే తెడ్డుతో వేళ్ల మీద కొట్టాడు."

ఆ రోజు నాన్న తన తలను మోకాళ్ల మధ్య అదిమి పట్టడం మాబెల్‌కు గుర్తుంది. తను భయపడకూడదని అలా చేశాడనుకుంది ఇన్నేళ్లూ.

ప్రదర్శన పెట్టిన వసుమతి నవ్వుతూ వచ్చింది. వెనకే కెమెరాతో జితేందర్.

"ఈమె సంగతి మీకు ముందే ఎరుకేనా మేడం?" అంది మాబెల్.

"తెల్సు. ఇద్దరూ ఎదురుపడితే బాగుంటదనే ఒక్కనాడు పిలిచినం."

"నా బిళ్ల నాకు వాపస్ ఇయ్యుండ్రి."

"ఇచ్చేసిన్రు కదా. ఇప్పుడది మ్యూజియంది."

చర్చి ఆడవాళ్లు ఒక్కొక్కరే లంగరు దగ్గరికి జరిగిపోయారు. మాబెల్ భాగ్యకు చేతులు జోడించింది. "క్షమించు అక్కా. నేను చిన్నపిల్లని."

"మావాడూ చిన్నపిల్లాడే. వాడి చోట్లో కూర్చుని ఇన్నేళ్లు బతికావు. నిన్ను క్షమించను."

జితేందర్ చెవిలోని తీగ సర్దుకున్నాడు. "సౌండ్ రాలే. ఇద్దరూ జర మళ్లా అనుండ్రి అమ్మా."

వసుమతి మాబెల్ భుజం పట్టి వెలుతురులోకి జరిపింది. మాబెల్ మళ్లీ చేతులు జోడించింది. భాగ్య అదే మాట ఈసారి హాలంతా వినబడేలా అంది.