మెడలో రాణి బొమ్మ

ఆ నాణెం మీద ఒక యువతి గుర్రమెక్కి కూర్చుని ఉంటుంది. రెండోవైపు నడుమ కిరీటం, చుట్టూ నాలుగు డాళ్లు. 1953 జూన్‌లో లండన్‌లో ఆ యువతికి పట్టాభిషేకం జరిగినప్పుడు, ఆ రాజవంశపు వైభవం నలుగురికీ గుర్తుండాలని అచ్చువేసిన ఐదు షిల్లింగుల బిళ్ల అది. మలయాలో దానితో ఒక అరటిపండు కూడా రాదు. సుంగై సిపుట్ దగ్గరి రబ్బరు తోటలో పాతికేళ్లు గుమాస్తాగా పనిచేసిన గోపాలసామికి తోట దొర దాన్ని మఖమలు పెట్టెలో పెట్టి స్వయంగా అందించాడు. గోపాలసామి కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. నాలుగేళ్ల క్రితం అదే తోటలో అల్లుణ్ణి పోలీసులు లారీ ఎక్కించినప్పుడు ఆ కళ్లు పొడిగానే ఉన్నాయి.

అల్లుడు జయరామ్ తోట బడిలో పంతులు. కూలీల తరఫున ఒక అర్జీ రాశాడు. అందులో ఒక్క అబద్ధమూ లేదు. దొరలకు అదే మింగుడుపడలేదు. కమ్యూనిస్టు తిరుగుబాటును అణచడానికి మలయాలో పెట్టిన ఎమర్జెన్సీ చట్టానికి విచారణ అక్కరలేదు గనుక విచారణ జరగలేదు. శ్రీకాకుళం వైపు అతని తల్లి ఉన్న ఊరికి ఓడలో పంపేశారు. భార్య కమలాక్షి కూడా వెంట వెళ్లవచ్చునన్నారు.

"ఆర్నెల్లు ఓపిక పట్టమ్మీ, దొరతో నేను మాటాడతాను" అన్నాడు గోపాలసామి. కమలాక్షి తండ్రి మాట విన్నది. ఆ విన్నందుకు ఆమె తనను తాను ఏనాడూ క్షమించుకోలేదు.

నెలకొక ఉత్తరం వచ్చేది, సెన్సారు కత్తిరించిన కంతలతో. జయరామ్ బడిలో పలికినట్టే ఒత్తులు నొక్కి, కామాల దగ్గర ఆగి, ఆమె పైకి చదువుకునేది. ఇక్కడ మధ్యాహ్నం రెండయితే అక్కడ పన్నెండు. వాన తోట మీద విరుచుకుపడే వేళకు అతను అక్కడ ఏం చేస్తుంటాడో అనుకునేది. ఆ రెండు గంటలు వెనకబడే ఆమె బతికింది.

నాణెం వచ్చిన వారంలోనే గోపాలసామి దానికి కంసాలి చేత కొక్కెం అతికించి, దండలో గుచ్చి, కూతురి మెడలో వేశాడు. ఈపో పట్నంలో ఫొటో తీయించాడు. "దొరసానిలా ఉన్నావు లా! అల్లుడు సూసి మురిసిపోతాడు" అని, మాట చివర మలయా వాళ్ల 'లా' తగిలించి, తానే పోస్టు చేశాడు.

ఆ తరువాత ఉత్తరాలు ఆగిపోయాయి. కమలాక్షి సెన్సారును అనుమానించింది, జ్వరాలను అనుమానించింది. చివరికి అతని ప్రాణాన్నే అనుమానించింది. రాయడం మాత్రం మానలేదు.

నాలుగేళ్లు గడిచాయి. 1957 జులైలో, తల్లిని చూడడానికి ఇండియా వెళ్లిన తోట కూలీ పైడయ్య తిరిగి వచ్చాడు. జయరామ్ ఊరివాడే.

"అన్న గుండ్రాయిలా ఉన్నాడొదినా. పెళ్లి సేసుకోనేదు. నువ్వే సేసుకున్నావని ఊరంతా అంటన్నాది."

"నేనేటి, పెళ్లేటి!"

"ఫొటోలో నీ మెడలో రూపుంది గదా. పెళ్లాం సచ్చినోడికి నిన్నిచ్చినారని ఆళ్లమ్మ సూడగానే గొల్లుమన్నాది. అన్న మాత్రం 'సుకంగా ఉండనీ' అన్నాడు, అంతే."

"మరి నా ఉత్తరాలు?"

"ఒక్కటీ ఇప్పనేదు. పరాయోడి పెళ్లాం రాసింది ఇప్పకూడదని కట్టగట్టి దూలం మీద పెట్టినాడు. పంతులు గదా మరి!"

రెండో భార్యగా వెళ్లిన స్త్రీ, చనిపోయిన సవతి బొమ్మను బిళ్లమీద చేయించి మెడలో వేసుకోవడం ఆ ప్రాంతపు ఆచారం; దాన్నే సవతి రూపంటారు. మలయాలో పుట్టి, జపాను వాళ్ల కాలంలోనే తల్లిని పోగొట్టుకున్న కమలాక్షికి ఇది చెప్పినవారు లేరు. గోపాలసామి మాత్రం పంతొమ్మిదేళ్లు అక్కడ పెరిగి వచ్చినవాడు.

"సవతి రూపంటే ఏటో నీకు తెల్దా, నాయినా?"

"ఎందుకు తెల్దు!"

"మరి?"

"అది రాణి బొమ్మమ్మీ! మారాణిని పట్టుకుని సచ్చిన సవతంటారేటి, బుద్ధినేనోళ్లు!"

ఆ కోపం నటన కాదు. అది గ్రహించాకే కమలాక్షికి భయం వేసింది. కుట్ర అయితే ఎదిరించవచ్చు. ఇది వట్టి భక్తి.

ఉత్తరం పంపితే దూలమెక్కుతుంది. తంతి అయితే తపాలా బంట్రోతే పైకి చదివి వినిపిస్తాడు. ఆగస్టు ఇరవయ్యో తేదీన ఆమె తంతి ఆఫీసుకు వెళ్లింది. పదకొండు రోజుల్లో రాబోయే మెర్డెకా, అంటే మలయా స్వాతంత్ర్యం కోసం గోడల నిండా కొత్త జెండాలు కడుతున్నారు. గొడుగు పట్టుకుని గోపాలసామి వెనకే వచ్చాడు.

గుమాస్తా లెచ్చుమనన్ తమిళుడు, తెలుగు వచ్చు. ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్న తెలుగును కూడబలుక్కుని చదివాడు. "మెడలోది సవతి రూపు కాదు... ఇదేమిటక్కా? రహస్య సంకేతంలా ఉంది. ఎమర్జెన్సీ ఇంకా ఉంది లా, నా ఉద్యోగం పోతుంది."

"సంకేతం కాదు. చచ్చిపోయిన ఆడదాని బొమ్మనుకున్నారు. అది రాణిది."

"ఐయో, రాణి చచ్చిపోయిందా? అది అసలే పంపకూడదు!"

వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. కమలాక్షి ఆ కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి, కొత్తది అడిగి తీసుకుంది. ఈసారి ఒక్క మాట రాసి, కింద పేరు పెట్టింది. 'వస్తున్నాను.'

"ఇది బాగా అర్థమయింది" అని లెచ్చుమనన్ ముద్ర వేశాడు.

గోపాలసామి గొడుగు ముడిచి ముందుకు వచ్చాడు. "నీ పౌరసత్వం కాగితాలు సగంలో ఉన్నాయమ్మీ. ఇప్పుడు ఓడెక్కితే మళ్లీ రానివ్వరు. ఇక్కడ దేశం వస్తన్నాది, నువ్వు పోతానంటావేటి?"

ఆమె తల తిప్పలేదు. కిటికీ చువ్వల మీద చెయ్యి ఆనించి, "ఎప్పటికి చేరుతుంది?" అని అడిగింది.

"రేపు, అక్కా."

"రేపు ఎన్ని గంటలకు?"