గుండుగాడు పూసిన రోజు

దర్జీ ఆవిడ దుకాణం నేలకింద ఉండేది. వీధిలోంచి ఆరు మెట్లు దిగితే ఒక కుట్టుమిషను, ఇస్త్రీబల్ల, నిలువుటద్దం. ఉన్న ఒక్క కిటికీ పైకప్పుకి ఆనుకుని అడ్డంగా ఉండేది. అందులోంచి చూస్తే దారినపోయేవాళ్ళ కాళ్ళు తప్ప ఇంకేమీ కనబడవు. ఇరవయ్యేళ్ళుగా ఆవిడకి ఆ వీధివాళ్ళంతా బూట్లే.

ఆ కిటికీ గట్టుమీద ఏడు కుండీలు. అన్నీ ముళ్ళవీ, దళసరి ఆకులవీ. నీళ్ళు పెద్దగా అడగవు కదా అని తెచ్చుకుంది. అవి నీళ్ళు అడగని మాట నిజమే, వెలుతురు అడిగాయి. రోజాపువ్వులా ముద్దగా ఉండాల్సిన మొక్క కాస్తా పక్కింటి గొడవ చూడ్డానికి మెడ సాచినట్టు జానెడు సాగింది. ఇంకోటి పాలిపోయి గోడకి చేరబడింది. అన్నిట్లోకీ పాతది ఒక గుండ్రటి కాక్టస్. దానికి ఆవిడ గుండుగాడని పేరు పెట్టుకుంది. పదకొండేళ్ళలో అది పెరిగిందీ లేదు, పూసిందీ లేదు, అలాగని చచ్చిందీ లేదు.

ఆవిడ అక్క మొగుడు ఎలక్ట్రీషియన్. మరదల్ని ఏడిపించకపోతే ఆయనకి తిన్నది అరగదు. చలికాలం మొదట్లో ఒకరోజు ఇస్త్రీపెట్టె వైరు మార్చడానికి వచ్చి, కుండీల వంక చూసి నవ్వాడు.

"మొక్కలా ఇవి? విప్పేసిన పాత కుట్లనుకున్నాను."

"అంత మొనగాడివైతే బాగుచెయ్యి బావా. లేకపోతే నోరు మూసుకుని వైరు బిగించు."

బావగారికి పౌరుషం పొడుచుకొచ్చింది. మూడోరోజుకల్లా మొక్కల కోసమే తయారుచేసిన మూరెడు పొడుగు ఎల్ఈడీ దీపం పట్టుకొచ్చి, గట్టుమీద గొలుసులతో వేలాడదీశాడు. స్విచ్చి వెయ్యగానే గట్టంతా మిట్టమధ్యాహ్నం అయిపోయింది. ఆవిడ చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది.

కొత్త మురిపెంకొద్దీ దీపాన్ని మొక్కలకి నాలుగువేళ్ళ ఎత్తుకి దించి, రాత్రీపగలూ వెలిగించే ఉంచింది. వారం తిరిగేసరికి ఆకుల అంచులు ఇటుకరంగుకి తిరిగి కమిలిపోయాయి.

"ఇస్త్రీ చేస్తున్నావా మరదలా?" అన్నాడు బావ. "అడుగు దూరం ఉండాలి. పొద్దున ఎనిమిదింటికి వెలగాలి, రాత్రి ఎనిమిదింటికి ఆరాలి. వాటికి మాత్రం నిద్ర వద్దూ?"

దీపాన్ని పైకెత్తి, దానంతటదే వెలిగి ఆరేలా టైమర్ బిగించాడు. సాగిపోయిన కాడ మళ్ళీ పొట్టిది కాదని తెలిశాక ఆవిడ కత్తెర తీసింది. తలలు తుంచి, నాలుగురోజులు ఆరబెట్టి, పొడిమట్టిలో గుచ్చింది. కొత్తాకులు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ ఒత్తుగా వచ్చాయి.

రెండునెలలకి గుండుగాడి నడినెత్తిన గోధుమరంగు నూగుతో చిన్న బుడిపె లేచింది. మొగ్గ!

ఇక ఆవిడ కాళ్ళు నేలమీద నిలవలేదు. రోజూ పొద్దున్నే ఇంచీటేపుతో కొలవడం, "నిన్నటికంటే ఒక నూలు పెరిగింది!" అని వచ్చినవాళ్ళకల్లా చెప్పడం. ఆ ఊపులో ఒకాయన చొక్కాకి రెండూ ఎడమచేతులే కుట్టింది.

ఒక శుక్రవారం పొద్దున మొగ్గ కొస విచ్చుకుని పసుపురంగు తొంగిచూసింది. అప్పుడు వయొలిన్ మాస్టారు కొత్తకోటు కొలత సరిచూసుకోవడానికి ముక్కాలిపీట మీద నిలబడి ఉన్నాడు, ఒళ్ళంతా గుండుసూదులతో. కబురందుకుని బావ రెండో దీపంతో ఊడిపడ్డాడు.

"ఇవాళ దొరగారికి డబుల్ వెలుతురు!" అంటూ ప్లగ్గు పెట్టాడు.

టప్‌మంది. దీపం ఆరింది. దుకాణం ఆరింది. భవనమంతా ఆరింది.

"బావా!"

"నేనేం ముట్టుకోలేదు," అన్నాడు బావ, చేతిలో వైరు అలాగే పట్టుకుని. మెట్లకింద మెయిన్‌బోర్డు చూసొచ్చి తల గోక్కున్నాడు. "రెండుగంటల పని."

"రెండుగంటలు చీకట్లో ఉంటే ముడుచుకుపోదూ?" అంది ఆవిడ.

"బయట ఎండ ఉంది కదమ్మా," అన్నాడు మాస్టారు పీటమీంచే.

అంతే. ఆవిడ కుండీ ఎత్తుకుంది. మాస్టారు పీట ఎత్తుకున్నాడు. బావ బోర్డు మాట మరిచిపోయి వాళ్ళవెనకే పరిగెత్తాడు.

వీధి ఇరుకు, మేడలు ఎత్తు. ఎండ రొట్టెల దుకాణం ముందు చాపంత పడుతోంది. అక్కడ పీటవేసి కుండీ పెట్టారు. రేకులు కొంచెం వదులయ్యాయి. ఇంతలో నీడ మీదికొచ్చింది.

"జరగండి, జరగండి!" అంటూ రొట్టెలావిడ పిండిచేతులతోనే పీట లాగింది. పదినిమిషాలకి తాళాల దుకాణం ముందు, ఇంకో పదినిమిషాలకి పోస్టుడబ్బా పక్కన. ఎండ ఎటుపోతే పీట అటు, పీట ఎటుపోతే జనం అటు. చివరికి ఎండ సెలూన్ అద్దాల్లోంచి లోపలికి దూరింది. సగం గడ్డం గీయించుకున్న పెద్దమనిషి తనంతట తనే లేచి కుర్చీ ఇచ్చాడు.

ఆ కుర్చీలో గుండుగాడు పూశాడు. మూడంగుళాల పసుపుపచ్చ పువ్వు, నడుమ కుంకుమపువ్వంత ఎర్రటి కేసరం. ఆవిడ వేలికొసతో తాకి చూసింది.

"ఇలాంటి సాటిన్ నా జన్మలో కుట్టలేదు," అంది.

మాస్టారు పువ్వుకి వంగి నమస్కారం పెట్టబోయి, సూది గుచ్చుకుని కెవ్వుమన్నాడు. సెలూనంతా గొల్లుమంది. ఆవిడకి నవ్వి నవ్వి కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. పనిరోజున పదకొండుగంటల వేళ ఎండలో నిలబడి ఎన్నేళ్ళయిందో గుర్తురాలేదు. కళ్ళు తుడుచుకుంటూ చుట్టూ చూసి, ఉన్నట్టుండి గట్టిగా అరిచింది.

"ఆ గోధుమరంగు బూట్లు మీవా! ఇరవయ్యేళ్ళనుంచీ మీ కుడిమడమ అరిగిపోతోందండీ!"

సగం గడ్డం పెద్దమనిషి కాలెత్తి చూసుకున్నాడు. నిజమే.

మూడింటికి కరెంటు వచ్చింది. ఆ సాయంత్రం పువ్వు ముడుచుకుంది. మర్నాడు దీపం వెలిగిన గంటన్నరకి మళ్ళీ విచ్చుకుంది. అలా నాలుగురోజులు. ఆ నాలుగురోజులూ మెట్లు దిగి రాని మొహం లేదు.

సోమవారంనాడు ముక్కూమొహం తెలియని ఒకావిడ, సన్నగా సాగిపోయిన మొక్కని ఒళ్ళో పాపలా పొదువుకుని గుమ్మంలో నిలబడింది.

"పొడుగెక్కువైతే ఇక్కడ సరిచేస్తారని చెప్పారండీ," అంది మొహమాటంగా.

"బట్టలైతే రేపే ఇచ్చేదాన్ని," అంది దర్జీ ఆవిడ, మొక్క వంక ఎగాదిగా చూస్తూ. "దీనికి మాత్రం రెండునెలలు పడుతుంది. అక్కడ పెట్టండి. బావా, రెండో దీపం తగిలించు. ముందు మెయిన్ ఆపు!"