వ్యానెక్కిన మూటలు

వికారాబాద్ రెవెన్యూ ఆఫీసు వెనక, పాత రికార్డు గదిలోంచి గుడ్డ మూటలు తెచ్చి వ్యానులోకి విసురుతున్నారు. నిజాం కాలం నాటి భూమి కాగితాలు. చెదలు పట్టాయట, కాగితం మిల్లుకు పంపి ముద్ద చేయిస్తారట. అడ్డం వెళ్లిన ఎంకమ్మను అటెండరు రెక్క పట్టి మెట్ల కిందికి నెట్టాడు. ఆఫీసులో పనుల మీద వచ్చిన ఇంతమందిమి చూస్తూ నిలబడ్డాం.

ఎంకమ్మది కుల్కచర్ల దగ్గర గొర్ల కాపరుల ఊరు. ఊరి మేత భూమిలో కంకర క్వారీ పెడతానని ఓ కంట్రాక్టరు దిగాడు. నిరుడు వాడే వచ్చి అక్కడ మంద ఆపమని జొన్నలిచ్చాడు. ఎరువు కోసం తమ భూమిలో మంద ఆపించుకున్నవాళ్లు గింజలివ్వడం, కాపర్లు పుచ్చుకోవడం తాతల నాటి ఆచారం. పుచ్చుకున్నారు. భూమి నాది కాకపోతే నా గింజలెట్లా తిన్నారని ఇవాళ కోర్టులో అడుగుతున్నాడు. ఎంత దుర్మార్గం! ఇక వాళ్లకు మిగిలిన ఆధారం ఈ మూటల్లోనే ఉండాలి. చూడనిమ్మని ఎండాకాలమంతా తిరిగారు. చూడనివ్వలేదు.

"అన్నీ ఉర్దూల ఉన్నయ్. మీకేం సమజైతది?" అన్నాడు మెట్ల మీద నిలబడ్డ అధికారి.

"నాకైతది సాబ్," అంది తాండూరు నుంచి వాళ్లకు తోడొచ్చిన సైరా. ఉర్దూ బడిలో పంతులమ్మగా చేసి రిటైరైన మనిషి.

"బయటోళ్లకు చూపియ్యమమ్మా."

ఎంకమ్మ మోకాలు నెత్తురోడుతుండగానే లేచింది. "మా తాతల పేర్లున్న కాగితాలకు మేం బయటోళ్లమా సారూ? మేత పోతే గొర్లను కోతకమ్మాలె. ఆ ఎన్క మేమేడికి పోవాలె?"

అధికారి లోపలికి వెళ్లిపోయాడు. వ్యాను స్టార్టయింది. ఇక అంతా అయిపోయిందనుకున్నాం. ఎంకమ్మ భర్త బీరన్న వెళ్లి చక్రాల ముందు పడుకున్నాడు. అతని పక్కన మిగతా కాపర్లు పడుకున్నారు. డ్రైవరు భయపడి దిగిపోయాడు.

సైరా వ్యానెక్కి ఓ మూట విప్పింది. పైకాగితం చదివింది. "ఇది మీ ఊరిది కాదు ఎంకమ్మా. మోమిన్‌పేట్ దిక్కుది."

"మా దిక్కుదా?" పింఛను పని మీద వచ్చిన ఓ ముసలి రైతు జనాన్ని తోసుకొచ్చాడు. "జర గట్టిగ సదువమ్మా!"

ఆమె చదివింది. నీళ్లు తగ్గితే తేలే చెరువు శిఖం, మేత భూమి, ఊరుమ్మడి బావి, అన్నీ ఊరందరివని రాసుంది. అవన్నీ ఇప్పుడెవరి చేతుల్లో ఉన్నాయో అక్కడున్న వాళ్లందరికీ తెలుసు. కొడంగల్ వాళ్లు మాది చూడమన్నారు. ఇంతలో పోలీసులొచ్చి సైరానూ బీరన్ననూ ఈడ్చుకెళ్లి జీపెక్కించారు.

"ఫికర్ చెయ్యకుండ్రి! తాండూరుల ఉర్దూ వచ్చినోళ్లు మస్తుమందున్నరు. తోల్కరాండ్రి!" అని జీపులోంచి అరిచింది సైరా.

ఎంకమ్మ ఏడుస్తూనే వ్యానెక్కి మూటల మీద కూర్చుంది. దిగమని ఎస్సై గద్దించాడు.

"మా ఊరి మూట దొరికేదాక బండి కదలది."

మోమిన్‌పేట్ రైతు కర్ర పక్కన పెట్టి చక్రం ముందు చతికిలబడ్డాడు.

"దొరికినా కదలదమ్మా," అన్నాడు. "ఇంక మా ఊళ్లున్నయి."