సూది తర్వాతే నూనె

రెండు అరచేతులూ రుద్ది వేడెక్కించుకుంటేగాని నూనెక్క ఎవరి పాదమూ ముట్టదు. క్యాన్సర్ మందు పడిన ఒంటికి చల్లటి చెయ్యి తగిలితే ముళ్ళు గుచ్చుకున్నట్టుంటుంది మరి. వార్డులో కాళ్ళు మర్దన చేసే ఈ పొట్టిమనిషికి అసలు పేరొకటి ఉందన్న సంగతే అందరూ మర్చిపోయారు. ఒకప్పుడు ఇక్కడే మొగుడి కాళ్ళు పట్టింది. ఆయన పోయాక ఇంట్లో చేతులు ఊరుకోలేదు. నర్సమ్మ దగ్గర పని నేర్చుకుని ఇక్కడే ఉండిపోయింది. ఎవరికి ఏ కాలు ముట్టకూడదో రోజూ ఆవిడని అడిగి మరీ మొదలుపెడుతుంది.

కిటికీ పక్క కుర్చీలో బస్సు డ్రైవరు బాబాయ్ అప్పటికే మేజోళ్ళు విప్పి కూర్చున్నాడు. మనిషి సగమైపోయాడుగాని నోరు మాత్రం తగ్గలేదు.

"అమ్మాయ్, ఇవాళ్టినుంచి సూది వద్దని డాక్టరుతో చెప్పేస్తున్నా. అదెక్కితే వారమంతా వాంతులు. నీ చెయ్యి పడితే హాయిగా నిద్ర. ఇంకా ఆ విషమెందుకు?"

నూనెక్క పొంగిపోయింది. ఇంత మెప్పు ఆమెకి కట్టుకున్నవాడు కూడా ఇవ్వలేదు. ఆ వెంటనే అతను సూది మానేస్తానంటున్నాడని తట్టింది.

"చాల్లే సంబడం! నా నూనె నిద్ర పట్టిస్తుంది, గడ్డని కరిగిస్తుందా? అదే అయితే మా ఆయన ఈపాటికి ఇంట్లో కూర్చుని నా ప్రాణం తోడేస్తుండేవాడు. సూది తర్వాతే నూనె."

సీసాకి మూత బిగించేసింది.

"అబ్బో, మొండిఘటం!" అని గొణుక్కుంటూ అతను డాక్టరు గదిలోకి వెళ్ళాడు.

పక్క మంచం ఆవిడ కాళ్ళు పడుతున్నా నూనెక్క చూపంతా ఆ తలుపు మీదే ఉంది. నిజంగానే మానేస్తాడేమోనని భయం.

తిరిగొచ్చేసరికి అతని మొహంలో అలక లేదు.

"నువ్వన్నట్టే ఎక్కించమన్నానమ్మాయ్. ఆయనే వద్దన్నాడు. గడ్డ ఇంకా పెరిగిందట, మందు పనిచెయ్యట్లేదట. ఇంటికెళ్ళమన్నాడు." నూనె సీసా వైపు చూసి, "సూది లేదుగా. మరి నూనె కూడా లేనట్టేనా?" అన్నాడు.

ఆమెకి ఏడుపు ముంచుకొచ్చింది. దాచుకోలేదు. మూత తీసి, అరచేతులు రుద్దుకుంది.

"కాలిటు పెట్టు, బాబాయ్."

మడమనుంచి వేళ్ళదాకా ఎన్నడూ లేనంతసేపు రాసింది. అతను గురకపెట్టి నిద్రపోయాడు. సాయంత్రం అతని కూతురు వచ్చింది. నూనెకాళ్ళు జారతాయని మేజోళ్ళు తొడిగి, చక్రాల కుర్చీలో కూర్చోబెట్టారు.

"వెళ్ళొస్తానమ్మాయ్," అన్నాడు అలవాటుగా.

"వెళ్ళిరా బాబాయ్," అంది ఆమె కూడా అలవాటుగానే.

వార్డు ఊడుస్తుంటే నూనెక్కకి కిటికీ పక్క కుర్చీ కింద అతని చెప్పులు కనిపించాయి. మడమల దగ్గర ఇంకా కొత్తవాటిలాగే ఉన్నాయి, ముందువైపు మాత్రం క్లచ్చూ బ్రేకూ తొక్కీ తొక్కీ అరిగిపోయాయి.