సామాను తెస్తా

గ్లాసులో వేలు ముంచి లిఫ్టు గోడకున్న స్టీలు రేకు మీద జపనీస్ ‘నె’ రాశాడు. పక్కనే ‘రె’ రాశాడు. ఆ పక్కన ‘వ’ రాసేసరికి మొదటిది ఆరిపోయింది. మూడక్షరాలదీ ఒకటే పోలిక, ఒక తల్లి బిడ్డల్లా ఉంటాయి. ఒకదాని తోక చివర ముడి పడుతుంది, ఒకదానిది బయటికి ఎగిరిపోతుంది, మూడోది బుద్ధిగా లోపలికి తిరుగుతుంది. ఏ తోక ఎవరిదో అతనికి ఇన్నేళ్ళయినా నికరంగా తెలియదు. తడి ఆరేలోగా పుస్తకం తెరిచి సరిచూసుకోవాలి. పేజీ దొరికేలోగా ఆరిపోతుంది. అందుకని తప్పు రాశాడో ఒప్పు రాశాడో తేలకుండానే చాలా రోజులు పాఠం అయిపోయేది.

ఆఫీసులు తెరవడానికి ఇంకా వేళ ఉంది. భవనం పాతది, లిఫ్టు అంతకన్నా పాతది. గ్రిల్లు తలుపు చేత్తో లాగి వెయ్యాలి, పిడి తిప్పితే గాని కదలదు. అందుకే అతని ఉద్యోగం ఇంకా ఉంది. పొట్టి మనిషి. ఏళ్ళ తరబడి ఒకే చేత్తో తలుపు లాగడం వల్ల కుడి భుజం ఎడమదానికంటే కిందికి దిగింది. కళ్ళద్దాల కాడ విరిగితే దారం చుట్టుకున్నాడు. నెల తిరక్కుండా జపనీస్ మాట్లాడించేస్తానని అట్ట మీద గొప్పలు పోయిన పుస్తకం అతని దగ్గర ఆరో ఏడు నడుస్తోంది. రోజూ ఈ వేళకి ఒక పేజీ. జ్వరమొచ్చినా మానలేదు. మానకపోయినా భాష రాలేదు. కొత్త పేజీ లోపలికి వస్తుంటే పాత పేజీ వెనక నుంచి జారుకునేది.

“ఏం సామానన్నా! గెడ్డం కూడా గీశావు, పెళ్ళిచూపులకా?” అన్నాడు వాచ్‌మన్, గేటు తాళాలు ఊపుకుంటూ వచ్చి.

“ఊరుకోరా.”

“మీ జపానాయన పదింటికల్లా వస్తాడంట. నాలుగో అంతస్తు ఖాళీ చేసి, సాయంత్రం తాళాలు నా చేతిలో పెట్టి పోతాడంట. మళ్ళీ రాడంట.”

“తెలుసు.”

తెలుసు కాబట్టే రాత్రి నిద్ర పట్టలేదు.

అసలు అతన్ని ‘సామాను’ అని పిలవడానికి కారణం ఆ జపానాయనే. అప్పట్లో నాలుగో అంతస్తులో యంత్రాల కంపెనీ ఒకటి ఉండేది. అందులో ఒక పొడుగాటి ఇంజనీరు. ఆయన రోజూ సాయంత్రం లిఫ్టు దిగేటప్పుడు అతని వైపు తిరిగి, నడుము వంచి, “ఒత్సుకరేసమా దెష్తా” అనేవాడు. అతని చెవికి అది “ఒచ్చు గదా, సామా తెస్తా” అని వినపడింది. పాపం, పైదేశం నుంచి వచ్చి ఎంత కష్టపడి తెలుగు నేర్చుకున్నాడో అని మురిసిపోయాడు. “పొడుగాయనకి మన భాష వచ్చురా” అని భవనమంతా చాటాడు. సామాను తెస్తానన్నాడు కదా అని తలుపు మూయకుండా పట్టుకుని నిలబడేవాడు. “ఎక్కడండీ సామాను?” అని అడిగేవాడు. పొడుగాయన తెల్లబోయి మళ్ళీ వంగేవాడు. ఇతనూ వంగేవాడు. పైనుంచి గంటల మీద గంటలు కొట్టేవాళ్ళు, తిట్టేవాళ్ళు. సామాను మాత్రం ఏ రోజూ రాలేదు. ఏళ్ళపాటు రోజూ ఇదే తంతు.

రోజూ తెస్తానని తేకపోవడమేమిటా అని అనుమానం వచ్చి, పాత పుస్తకాల బండి మీద ఆ పుస్తకం కొన్నాడు. అక్షరాలు దాటి మర్యాదల పాఠానికి వచ్చేసరికి కంపెనీ మూతపడింది, పొడుగాయన వెళ్ళిపోయాడు. తాళం వేసిన నాలుగో అంతస్తు మెట్ల మీద కూర్చుని ఆ పేజీ చదివాడు. ‘పని ముగించుకొని పోవునపుడు ఒకరితోనొకరు అనుకొను మాట. తమరు అలసినారు అని అర్థము. జవాబుగా అదే మాట తిరిగి అనవలెను.’

చదివి ఏడ్చాడు. అతను పుట్టాక అలిసిపోయావా అని అడిగినవాళ్ళు లేరు. లిఫ్టులో కూర్చునేవాడికి అలుపేమిటన్నవాళ్ళు మాత్రం కొల్లలు. ఒక్క మనిషి రోజూ వంగి మరీ ఆ మాట అంటే, తను ఆయన వెనకాల పెట్టెల కోసం వెతికాడు. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. అప్పటి నుంచి చదువుతూనే ఉన్నాడు, ఎప్పుడైనా తిరిగి ఆ మాట ఆయనకి అప్పజెప్పాలని. చిక్కేమిటంటే, ఎంత జాగ్రత్తగా మొదలుపెట్టినా సగంలో నాలుక పాత దారిలోకి జారి ‘సామాను తెస్తా’ అయిపోయేది.

ఇవాళ పొద్దున్న అద్దం ముందు కూడా జారింది. మళ్ళీ మొదలుపెట్టాడు. క్యారేజీ మూత బిగిస్తున్న భార్య వెనక్కి తిరగకుండానే అంది.

“లేచింది మొదలు ఇదే గోల. దానర్థం అలిసిపోయావనేగా?”

“అలిసిపోయారు అని. గౌరవంగా.”

“గౌరవంగానే ఏడువు. ఎవరికో చెప్పడానికి ఇన్నేళ్ళు నేర్చుకున్నావు. నాకెప్పుడైనా ఆ ముక్క తెలుగులో చెప్పావా?”

కోపంగా కూడా అనలేదు. ఆమె బడిలో ఆయా. రోజంతా పిల్లల్ని ఎత్తుకుని, దించి, కడిగి, సాయంత్రానికి నడుము పట్టుకుని వస్తుంది. అతను వెతికాడు, ఎప్పుడైనా అన్నానేమోనని. దొరకలేదు. ఆమె క్యారేజీ చేతికిచ్చి, “ఎడమ చెయ్యి లాగుతోందన్నావుగా, ఆస్పత్రికి పోయిరా” అంది. “ఇవాళ కాదే, రేపు” అని చెప్పులు వేసుకున్నాడు.

పొడుగాయన పదింటికి వచ్చాడు. జుట్టంతా నెరిసింది. భవనం మేనేజరు ఆయన భుజం దగ్గర నిలబడి అద్దె సంగతేదో గుక్కతిప్పుకోకుండా చెబుతున్నాడు. లిఫ్టెక్కుతూ పొడుగాయన తల కొంచెం వంచాడు. గుర్తుపట్టి వంచాడో, ఎవరు కనిపించినా వంచే తలో తెలియలేదు. మొదటి పాఠంలోని పొద్దుటి పలకరింపు అతని గొంతు దాకా వచ్చింది. మేనేజరు మాట ఆగితే అందామనుకున్నాడు. మేనేజరు మాట ఆగేసరికి నాలుగో అంతస్తు వచ్చింది.

పోనీలే, అసలు మాట సాయంత్రానిది కదా, పని ముగిశాక అనేది కదా అని సరిపెట్టుకున్నాడు. ఖాళీ లిఫ్టుని కిందికి దింపాడు.

పెట్టెలు మోయడానికి ఇద్దరొస్తారనుకుంటే ఒక్కడే వచ్చాడు. కాగితాల కట్టలు, ఇనుప బీరువా అరలు, పాత యంత్రాల విడిభాగాలు. అవన్నీ పెట్టెల్లో కట్టి వరండాలో వరసగా పెట్టారు. చూస్తూ కూర్చోలేక అతనూ ఒక చెయ్యి వేశాడు. అది అతని పని కాదు, ఎవరూ అడగనూ లేదు. పెట్టెలతో దిగి కింద తలుపు లాగగానే వాచ్‌మన్ పెట్టెల్ని చూసి పొట్ట పట్టుకున్నాడు.

“అన్నా! ఎట్టకేలకి తెచ్చాడే మీ జపానాయన సామాను!”

అతనికీ నవ్వొచ్చింది. గ్రిల్లు పట్టుకుని కళ్ళ నీళ్ళొచ్చేదాకా నవ్వాడు. ఇన్నేళ్ళు తలుపు తెరిచి పట్టుకుంటే రాని సామాను, నిజంగానే వచ్చింది. నవ్వుతున్నప్పుడు ఛాతీలో ఎవరో మేకు దిగ్గొట్టినట్టయింది. నవ్వు వల్లేమో అనుకుని ఆపాడు. నొప్పి ఆగలేదు.

మధ్యాహ్నమంతా మోశాడు. ఒకసారి పొడుగాయన గదిలోంచి బయటికి వచ్చి చూసి, వద్దు వద్దని రెండు చేతులూ ఊపాడు. ఇతను ఫరవాలేదన్నట్టు నవ్వి పెట్టె భుజానికెత్తాడు. ఇది చెయ్యడం తనకి చేతనవును, మాటలాగా సగంలో జారిపోదు. క్యారేజీ విప్పాడు గాని తినబుద్ధి కాలేదు.

చివరి పెట్టె దిగాక మూడో అంతస్తులో లెక్కలు రాసే అమ్మాయి ఇంటికి పోతూ లిఫ్టెక్కింది.

“బాబాయ్, ఏంటిలా చెమట? మొహం చూస్తే పాలిపోయింది.”

“సామాను మోశానమ్మా.”

“నీకెందుకొచ్చిన తిప్పలు! ఇంటికెళ్ళి పడుకో.”

“ఆయన్నొక్కణ్ణీ దింపేసి పోతాను.”

గంట కొట్టకముందే లిఫ్టుని నాలుగో అంతస్తుకి తీసుకెళ్ళి, తలుపు బార్లా తెరిచి, స్టూలు మీద కూర్చున్నాడు. వరండా చివర ఊడ్చే ఆవిడ తడిగుడ్డ పెడుతోంది. గదిలో పొడుగాయన కిటికీలు మూస్తున్న చప్పుడు వినిపిస్తోంది. అతను పెదాలు కదిపి మాట చెప్పుకున్నాడు. జారలేదు. ఇంకోసారి అనుకున్నాడు. ఈసారీ జారలేదు. అతనికే నమ్మకం కలగలేదు.

ఇది అప్పజెప్పి ఇంటికెళ్ళి ఆమెకి తెలుగులో చెప్పాలి. అదెలా అనాలో చూసుకున్నాడు. ‘అలిసిపోయావు కదే’ అంటే ఏదో పని చెప్పబోతున్నట్టుంది. ‘బాగా అలిసిపోయావు’ అంటే జబ్బు మనిషిని పలకరించినట్టుంది. పరాయి భాషలో ఇన్నేళ్ళకి కుదిరిన ముక్క సొంత భాషలో కుదరడం లేదు. చివరికి ఏమీ కలపకుండా, ‘అలిసిపోయావు’ అని ఊరుకుంటే చాలనిపించింది. అలాగే అందామనుకున్నాడు.

గ్లాసులో వేలు ముంచి మాటలోని మొదటి అక్షరం రాశాడు. రెండోది రాశాడు. మూడోదానికి గ్లాసులో వేలు ముంచేసరికి చెయ్యి బరువెక్కింది. తల రేకుకి ఆనించాడు. రేకు చల్లగా, హాయిగా ఉంది. ఒక్క క్షణం ఇలా ఉందామనుకున్నాడు.

పొడుగాయన గదికి తాళం వేసి లిఫ్టు దగ్గరికి వచ్చేసరికి లిఫ్టు మనిషి కళ్ళు మూసుకుని గోడకి తలవాల్చి ఉన్నాడు. ఆయన లోపలికి అడుగు పెట్టబోయి ఆగాడు. నిద్ర లేపడానికి మనసొప్పలేదు కాబోలు. చేతి సంచి కింద పెట్టి, రెండు చేతులూ పక్కలకి ఆనించి, నడుము బాగా వంచి, మెల్లగా ఒక మాట అన్నాడు. కొంచెంసేపు అలాగే ఉన్నాడు. తరవాత సంచి తీసుకుని, చప్పుడు కాకుండా మెట్ల మీంచి దిగిపోయాడు. తాళాలు వాచ్‌మన్ చేతిలో పెట్టి, కారెక్కి వెళ్ళిపోయాడు.

లిఫ్టు ఎంతకీ కిందికి రాకపోయేసరికి వాచ్‌మన్ పైకి ఎక్కాడు.

భార్య వచ్చేటప్పటికి అతన్ని కింద బల్ల మీద పడుకోబెట్టారు. పిల్లల ముక్కులు తుడిచే గుడ్డ ఇంకా ఆమె భుజం మీదే ఉంది. ఆమె ఏడవలేదు. బల్ల పక్కన నేల మీద కూర్చుని అతని చెయ్యి ఒళ్ళోకి తీసుకుంది. చూపుడు వేలి కొన నీళ్ళలో నాని ముడతలు పడి ఉంది. ఊడ్చే ఆవిడ ముక్కు చీదుకుంటూ పక్కన కూలబడింది.

“ఆఖరున చూసింది నేనే వదినా. నిద్దరనుకున్నాను. పొడుగాయన కూడా అలాగే అనుకున్నాడు. అన్నయ్య ముందు ఇంత కిందకి వంగి, ‘సామా తెస్తా’ అని చెప్పి పోయాడు. ఇంకా ఏం సామానో అని చూశా. మళ్ళీ రాలేదు.”

“నేనూ వీధి దాకా వెళ్ళి చూశాను. ఏం లేదు” అన్నాడు వాచ్‌మన్, కళ్ళు తుడుచుకుంటూ.

ఆమె తల ఎత్తింది. పొద్దున్నే వంటగదిలో ఏళ్ళ తరబడి విని విని విసుగెత్తిన మాట అది.

“సామాను కాదు” అంది. “అలిసిపోయావన్నాడు.”

ఎవరికీ అర్థం కాలేదు. ఆమె అతని వేలు తన గుడ్డతో తుడిచింది. “జవాబు కూడా అదేనంట” అంది మళ్ళీ, తనలో తను. ఆ జవాబు ఇక రాదని ఆమెకి తెలుసు. తన కోసం కూడా అతను ఒక ముక్క సిద్ధం చేసుకున్నాడని మాత్రం తెలియదు. అది చెప్పగలిగినవాడు ఒక్కడే, బల్ల మీద ఉన్నాడు.

చీకటి పడకముందే అతన్ని ఇంటికి తీసుకెళ్ళారు. లిఫ్టు నడిపేవాళ్ళు లేక నాలుగో అంతస్తులోనే తలుపు తెరుచుకుని ఉండిపోయింది. లోపల స్టూలు పక్కన స్టీలు గ్లాసు, అందులో సగానికి పైగా నీళ్ళు.