పెదబాబు తువ్వాలు

మైకు ముందు నిలబడితే చాలు, పెదబాబుకి మైకం కమ్మేస్తుంది. కిందటి పంచాయతీ ఎన్నికల్లో "సోదర సోదరీమణులారా" దగ్గరే గొంతు పూడుకుపోయింది. జనం ఎగతాళిగా చప్పట్లు కొట్టి దింపేశారు. ఓట్లడగబోయి ఓటమి తెచ్చుకున్నాడు. ఈ 1970 ఎన్నికల్లో మళ్లీ నిలబడ్డాడు. ఈసారీ నోరు పెగలకపోతే చోడవరంలో తలెత్తుకు తిరగలేడు.

లైబ్రరీ సంఘంవాళ్లు అభ్యర్థులిద్దర్నీ సంతబయల్లో ఒకే వేదిక ఎక్కించారు. జనం అడగాలి, వీళ్లు చెప్పాలి. అవతలివాడు ప్లీడరు వేంకటరమణమూర్తి. నోరే అతని జీవనాధారం.

బావమరిది రామ్మూర్తి ముందే ధైర్యం చెప్పాడు. "బెంగెట్టుకోకు బావా. జవాబు రాపోతే బుజమ్మీద తువ్వాలు తీసెయ్. మనోళ్లు ఎనకాల సెరుకుగడలట్టుకుని ఉంటారు. సభని రభస సేసి పారేస్తాం."

పెదబాబు తువ్వాలు భుజమ్మీద సర్దుకుని వేదిక ఎక్కాడు.

చింతపండు అమ్మే అచ్చియ్యమ్మ లేచింది. "వానొస్తే మా సందు సెరువైపోతంది. కాలవెందుకు పారదో ఎవులు సెప్తారు బాబూ?"

ప్లీడరు గ్రాంటనీ ఎస్టిమేటనీ కాలవకంటె పొడుగ్గా మాట్లాడాడు. పెదబాబు వంతొచ్చింది. జవాబు తెలుసు. తెలిసిందే చెప్పాడు.

"కాలవ మీద నా బెల్లం కొట్టు అరుగుంది అచ్చియ్యమ్మా. నేనే కట్టేను. రేపు నేనే కొట్టించేస్తాను."

సంతబయలంతా చప్పట్లు! అవి మెప్పు చప్పట్లు. పెదబాబు గుండె పొంగింది. బెల్లం పెనం సెగలో పెరిగిన మనిషి. మొహం తడిస్తే చెయ్యి దానంతటదే భుజం మీదికి పోతుంది. తువ్వాలు తీసి చెమట తుడుచుకున్నాడు.

"బావని మళ్లీ ఎగతాళి సేస్తన్నార్రోయ్! తువ్వాలు తీసేసేడు, కొట్టండి!" వెనకనుంచి రామ్మూర్తి కేక.

చెరుకుగడలు లేచాయి. ముందు బెంచీవాడి ముక్కు పగిలింది. ప్లీడరు మనుషులు కుర్చీల కాళ్లు విరిచి, ఆ కాళ్లతో మనుషుల కాళ్లు విరగ్గొట్టారు. చప్పట్లు పోయి చెప్పులు లేచాయి. ప్లీడరు మొహం మీద గడ పడింది. ముందు పళ్లు వాయిదా అడక్కుండా రాలిపోయాయి. తెల్ల లాల్చీ ఎర్రబడింది. కిందపడ్డ అచ్చియ్యమ్మ చేతిని ఎవడో తొక్కుకుంటూ పోయాడు. ఎముక విరిగిన చప్పుడు వేదిక మీదికి వినిపించింది.

"ఆపండ్రా!" పెదబాబు తువ్వాలు ఊపాడు. ఊపినకొద్దీ అవతల ఊపు హెచ్చింది. అతని నుదుటి మీదే రాయి తగిలి, నెత్తురు కంట్లోకి కారింది. ఒంటి కంటితో చూశాడు. ప్లీడరు నేల మీద పాకుతున్నాడు. రామ్మూర్తి అతని తలకి గురిచూసి గడ ఎత్తుతున్నాడు.

ఆ గోలని మించే గొంతు మైకుకే ఉంది. కాని మైకులో చెబితే ఊరంతా వింటుంది.

పెదబాబు మైకు పట్టుకున్నాడు. గొంతు పూడుకోలేదు.

"ఒరే రామ్మూర్తీ! సెమట తుడుసుకున్నానురా! సైగ కాదురా అది!"

గడ గాల్లోనే ఆగింది. ఒక్కొక్క చెయ్యీ దిగింది.

"ఇనండి బాబూ," అన్నాడు పెదబాబు, మైకు హారన్లన్నీ మోగేలా. "జవాబు రాపోతే తువ్వాలు తీస్తాను, మావోళ్లు కొడతారు. అదీ మా ఏర్పాటు. జవాబొచ్చింది. సెమటా వొచ్చింది. ఈ నెత్తురంతా దానికే. ప్లీడరుగారి మనుసుల తప్పేటీ లేదు."

విరిగిన చేతిని ఒళ్లో పెట్టుకుని అచ్చియ్యమ్మ పళ్లు బిగించి అడిగింది. "మరయితే, ఆ అరుగు రేపు కొట్టిస్తావా, లేదా?"